తాపీ పట్టిన చేత్తో నామినేషన్: చేతిపనివాళ్లు ఎమ్మెల్యేకు నిలబడాలంటే ఏమేం చేయాలి

నల్లగొండలో పొద్దున అడ్డా మీద సుతారి మేస్త్రీలు రాజకీయం ఎత్తుకున్నారంటే పక్కన చాయ్ బండికి గిరాకీ. ఏ రోడ్డు మీద ఎంత డాంబరు పోశారో, ఏ బడి స్లాబులో ఎంత ఇనుము మిగుల్చుకున్నారో చూపుతోనే చెప్పేస్తారు. "ఇంత తెలిసినోడివి, నువ్వే నిలబడరాదే" అంటే మాత్రం నవ్వి ఊకుంటారు. "మనకెక్కడిదే, అది పైసలున్నోళ్ల పని" అంటారు.

పైసల సంగతి అబద్ధం కాదు. కానీ టైపింగ్ షాపులో కూర్చుని ఎంతోమందికి నామినేషన్ కాయితాలు కొట్టిచ్చినవాడిగా ఒక మాట చెప్తా. చేతిపనివాళ్లు ముందు దెబ్బ తినేది ఓట్ల దగ్గర కాదు, కాయితాల దగ్గర. అదీ చేతకాక కాదు. ఎస్టిమేట్ వేసేవాడికి, మగ్గం మీద పోగు లెక్క తప్పనివాడికి ఫారం నింపడం ఓ లెక్కా? ఆఖరి రోజు దాకా ఆగడం వల్లే చిక్కంతా.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. వృత్తిసంఘం లేకుండా ఒంటరిగా దిగకండి. గీత పనివాళ్లను కూడగట్టిన బొమ్మగాని ధర్మభిక్షం 1952లో సూర్యాపేట నుంచి అసెంబ్లీకి వెళ్లారు. చేనేత సహకార సంఘాల కోసం జీవితమంతా తిరిగిన కొండా లక్ష్మణ్ బాపూజీ 1967లో, 1972లో భువనగిరి నుంచి గెలిచారు. బాపూజీ చదివింది వకీలు చదువే అయినా ఆయన వెనక నిలబడ్డది మగ్గాల మీద కూర్చున్నవాళ్లు. మీ వెనక కనీసం పది ఊర్లలో మీ పనివాళ్ల సంఘం లేకపోతే ముందు ఆ పని చూడండి, లేదా సర్పంచ్ ఎన్నికలో చేయి తిప్పుకోండి. అక్కడ పార్టీ గుర్తులుండవు, వయసు కూడా 21 నిండితే చాలు.

సంఘం ఉంది, ధైర్యం ఉంది అనుకుంటే ఇక మొదలుపెడదాం.

మొదటి పని: ఓటరు జాబితాలో మీ పేరు

అసెంబ్లీకి నిలబడాలంటే నామినేషన్ల పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండాలి. తెలంగాణలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో మీకు ఓటు ఉండాలి. ఉన్న చోటే పోటీ చేయాలని లేదు. దేవరకొండలో ఓటున్నవాడు మునుగోడులో నిలబడొచ్చు. కాకపోతే అప్పుడు మీ పేరున్న ఓటరు జాబితా పేజీ సర్టిఫైడ్ కాపీ తెచ్చివ్వాలి. చదువు నిబంధన లేదు, ఎంతమంది పిల్లలనీ అడగరు. మన నల్లగొండ, పాలమూరు వైపు దేవరకొండ ఎస్టీలకు, నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్ ఎస్సీలకు రిజర్వు అయిన సీట్లు. ఈ వైపు మిగతావాటిలో ఎవరైనా నిలబడొచ్చు.

పాలమూరు వైపు మేస్త్రీలకు ఇక్కడే ఒక గండం. ఆర్నెల్లు పుణెలోనో ముంబయిలోనో పని చేసి వచ్చేసరికి ఇంటికి తాళం ఉందని జాబితాలో పేరు తీసేసిన సందర్భాలు చూశాను. గడువు ప్రకారం వచ్చే అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో. ఏడాదికోసారి జాబితా సవరణ జరుగుతుంది కాబట్టి ప్రతి జనవరిలో మీ పేరు, మీ ఇంటివాళ్ల పేర్లు, మిమ్మల్ని ప్రతిపాదించే పదిమంది (వాళ్ల సంగతి మూడో పనిలో చెప్తా) పేర్లు చూసుకోండి. లేకపోతే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఒక్క పేరు కూడా ఎక్కించరు.

రెండో పని: సర్కారు కాంట్రాక్టు మీ మెడకు చుట్టుకుందా చూసుకోవడం

చేతిపనివాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైంది, ఎవరూ చెప్పనిదీ ఇదే. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 9ఎ అని ఒకటుంది. మీ వృత్తిలో భాగంగా రాష్ట్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేస్తామనో, ప్రభుత్వం చేపట్టిన పని చేసిపెడతామనో మీ పేరు మీద ఒప్పందం ఉండి, అది ఇంకా నడుస్తుంటే మీరు అసెంబ్లీకి పోటీ చేయడానికి పనికిరారు. బడికి బెంచీలు చేసిచ్చే వడ్రంగి, హాస్టల్‌కు వైరింగ్ పట్టిన ఎలక్ట్రీషియన్, అంగన్‌వాడీ గది కట్టే మేస్త్రీ, అందరూ దీని కిందికే వస్తారు. డాక్టరుకో లాయరుకో ఈ బాధ తక్కువ. చిన్న చిన్న సర్కారు పనులు పట్టేది మనవాళ్లే కాబట్టి దెబ్బ కూడా మనకే.

అయితే చట్టంలోనే ఒక ఊరట ఉంది. మీ వంతు పని మీరు పూర్తిగా చేసేసి, ప్రభుత్వమే ఇంకా బిల్లు ఇవ్వకపోతే ఆ ఒక్క కారణంతో ఒప్పందం నడుస్తున్నట్టు లెక్క కాదు. పెండింగు బిల్లుల కోసం ఏళ్లకేళ్లు తిరిగేవాళ్లు భయపడక్కర్లేదు. కానీ "పని అయిపోయింది సార్" అని నోటితో అంటే చాలదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కించుకుని, పని పూర్తయిన సర్టిఫికెట్ రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పందంలో "ఫలానా కాలం మరమ్మతులు చూసుకోవాలి" అన్న షరతు ఉంటే ఆ సంగతి వకీలుకు చూపించి, నామినేషన్‌కు ముందే దాన్ని వదిలించుకోండి. ఎదుటి అభ్యర్థి వకీలు పరిశీలన రోజు వెతికేది సరిగ్గా అలాంటి కాయితమే.

సబ్ కాంట్రాక్టు మీద పని చేసే మేస్త్రీకి ఈ సెక్షన్ తగలదు. సర్కారుతో సంతకం పెట్టింది పెద్ద కాంట్రాక్టరు గదా, మీరు కాదు. కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం ఉన్నా అసెంబ్లీకి అడ్డు కాదు, ఇక్కడ లెక్కలోకి వచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. పోచంపల్లిలోనో నారాయణపేటలోనో చేనేత సహకార సంఘంలో మీరు సభ్యులైతే, సంఘానికి వచ్చిన ఆర్డరు సంఘానిది, మీది కాదు. ప్రభుత్వ వాటా పావు వంతు, ఆపైన ఉన్న కంపెనీల మేనేజరు, సెక్రటరీలు అనర్హులని సెక్షన్ 10 అంటుంది గానీ, సహకార సంఘాలను దాంట్లోంచి మినహాయించింది.

నెలనెలా సర్కారు జీతం తీసుకునే పనిలో ఉన్నవాళ్లు, ఐటీఐలో పాఠం చెప్పే ఫిట్టరైనా సరే, ముందు రాజీనామా చేసి అది ఆమోదమైనట్టు కాయితం చేతికి తెచ్చుకోవాలి. రాజీనామా ఇచ్చిన రసీదు కాదు, ఆమోదించిన ఉత్తర్వు.

మూడో పని: డిపాజిట్టు, పదిమంది, ఒక బ్యాంకు ఖాతా

అసెంబ్లీకి డిపాజిట్టు 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000, జనరల్ సీటులో నిలబడినా అంతే. నామినేషన్లు తీసుకునే ఆర్వో (రిటర్నింగ్ అధికారి) దగ్గర నగదుగానే కట్టొచ్చు, లేదా ట్రెజరీ చలానా. చెక్కు, డీడీ తీసుకోరు.

ఈ డిపాజిట్టు ఇంత కావడం వెనక మన నల్లగొండ పేరుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినపడాలని జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలింది 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. గెలిచింది మళ్లీ ధర్మభిక్షమే. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్టు 500, అసెంబ్లీకి 250. ఆ ఏడాదే చట్టం మార్చి వాటిని 10,000, 5,000 చేశారు, గుర్తింపు పొందిన పార్టీ లేనివాళ్లకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. తర్వాత మరోసారి పెంచారు. నీళ్లడిగినందుకు పడ్డ జరిమానా లాగా ఉంటుంది నాకైతే.

ఆ పదిమంది మీరు పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటర్లై ఉండాలి. ఫారం 2బీలో ఒక్కొక్కరి పార్టు నంబరు, వరుస నంబరు రాయాలి. ఇక్కడ ఒక్క అంకె తప్పినా చిక్కే, ఓటరు కార్డు నంబరు వేసుకొచ్చి ఇదే గదా అనేవాళ్లు బోలెడు మంది. అది కాదు, జాబితా పేజీలో ఉండే నంబరు కావాలి. వేలిముద్ర వేసేవాళ్లు ఉంటే ఆ ముద్ర ఆర్వో ముందరో, ఎన్నికల సంఘం అధికారం ఇచ్చిన అధికారి ముందరో పడాలి. ఇంట్లో వేయించుకొస్తే చెల్లదు. మీ కూలీల్లో వేలిముద్రవాళ్లుంటే వాళ్లను ఆ రోజు పని మాన్పించి వెంట తీసుకుపోవాలని అర్థం. పదిమంది కాకుండా పన్నెండు మందిని పెట్టుకోండి, ఇద్దరు తప్పినా గండం గడుస్తుంది. నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు, డిపాజిట్టు ఒక్కటే. రెండో సెట్టులో వేరే పదిమందితో వేస్తే ఇంకా మంచిది.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. పాత ఖాతా కుదరదు.

నాలుగో పని: ఫారం 26, అంటే మీ బతుకు ఎస్టిమేట్

దీని మీద కనీసం నాలుగు రోజులు కూర్చోండి. స్టాంపు పేపరు మీద కొట్టి, నోటరీ ముందరో మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందరో ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్ ఇది. మీ ఆస్తి, భార్య ఆస్తి, మీ మీద ఆధారపడ్డ పిల్లల ఆస్తి, అప్పులు, కేసులు, చదువు, వృత్తి, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది, అన్నీ ఇందులో ఉంటాయి.

ఒక మేస్త్రీ నా దగ్గర కూర్చుని, "నాకేముందే రాయనీకి, ఒక బండి, రెండు గదుల ఇల్లు" అన్నాడు. సరే అని అడగడం మొదలుపెట్టాను. కాంక్రీట్ మిక్సర్ ఉందా? ఉంది. వైబ్రేటర్? ఉంది. సెంట్రింగ్ రేకులు, కర్రలు? వాటినే లక్షల్లో చెప్పాడు. అవన్నీ "ఇతర ఆస్తులు" గడిలోకి పోయాయి. లేబర్‌కు ఇచ్చిన అడ్వాన్సులు ఎన్ని అంటే జేబులోంచి చిన్న నోటుబుక్ తీశాడు. పదకొండు మంది పేర్లు, ఎదురుగా అంకెలు. ఇచ్చిన చేబదుళ్లకు ఫారంలో విడిగా గడి ఉంది, అవి అక్కడికి. పాడిన చిట్టీ బాకీ అప్పుల్లోకి. భార్య పుస్తెలతాడు, కమ్మలు, అన్నీ గ్రాముల్లో, విలువతో సహా. సర్కారు ఇవ్వాల్సిన బిల్లు ఉంటే అదీ రావలసిన బాకీల కింద చూపాలి. చేతిలో ఏమీ లేదన్న మనిషి సాయంత్రానికి తన లెక్క చూసుకుని తనే ఆశ్చర్యపోయాడు.

మగ్గం ఉన్నవాళ్లు మగ్గాన్ని, జాకార్డును, ఇంట్లో ఉన్న నూలునూ పట్టును రాయాలి. అద్దె మగ్గమైతే రాయక్కర్లేదు.

ఏ గడినీ ఖాళీగా వదలొద్దు. ఇదే అసలు ఉరి. 2013లో సుప్రీంకోర్టు తేల్చింది: ఖాళీలు వదిలితే ఆర్వో నోటీసిస్తారు, అయినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చు. లేని దగ్గర "లేదు", వర్తించని దగ్గర "వర్తించదు" అని రాయండి. గీత గీయడం, చుక్క పెట్టడం వద్దు.

కేసుల గడి దగ్గర సంఘం నడిపినవాళ్లు జాగ్రత్త. ఎప్పుడో హైవే మీద రాస్తారోకో చేసినప్పుడు పెట్టిన కేసు కొట్టేశారో లేదో స్టేషన్‌లో, కోర్టులో కనుక్కోండి. పెండింగులో ఉంటే దాచకుండా రాయండి, తర్వాత పేపర్లలో, టీవీలో మూడేసి సార్లు ప్రకటించాలి కూడా. ధర్నా కేసు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు, రెండేళ్లు ఆపైన శిక్ష పడితే మాత్రం ఇంటికే. దాచి దొరికితే అది ఇంకో నేరం.

ఐదో పని: ఆఫీసుకు పోవడం, ప్రమాణం చేయడం

పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 దాకానే తీసుకుంటారు. మీరైనా ఇవ్వొచ్చు, మీ ప్రతిపాదకుడైనా ఇవ్వొచ్చు. లోపలికి మీతో కలిపి ఐదుగురినే పంపుతారు. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి రెండో రోజో మూడో రోజో వేసేయండి, తప్పులు దిద్దుకోవడానికి టైం దొరుకుతుంది. 2023 ఎన్నికలకు నవంబరు 3న నోటిఫికేషన్, 10న చివరి రోజు, 13న పరిశీలన, 15న ఉపసంహరణ గడువు, 30న పోలింగ్. ఇంతే, లెక్కపెడితే నెల కూడా లేదు.

నామినేషన్ ఇచ్చాక అక్కడే ఆర్వో ముందు ప్రమాణం చేసి, సంతకం పెట్టి, చేసినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానన్న ప్రమాణం అది, అఫిడవిట్‌లో చేసిన ప్రమాణం వేరు, ఇది వేరు. నామినేషన్ వేశాకే చేయాలి, పరిశీలన రోజు రాకముందే చేయాలి. పరిశీలన నాడు పొద్దున పోయి చేస్తానంటే కుదరదు. నాకు బాగా తెలిసిన ఒక మేస్త్రీ తన కాయితాలు ప్రతిపాదకుడితో పంపాడు, ఆయనకు ఆ రోజు స్లాబు ఉంది. మిల్లర్ తిరుగుతుంటే సైటు వదిలి ఎట్ల రావాలి, నిజమే. ప్రమాణం సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అన్ని గడులూ నింపిన, అంకె తప్పని నామినేషన్ అది. దీంతోనే పోయింది. స్లాబు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది ఇప్పటికీ.

బ్యాలెట్ మీద వేసే ఫొటో ఈ సందులోనే ఇవ్వాలి. మూడు నెలల్లోపు దిగింది, తెల్లటి నేపథ్యం, ముఖం ఎదురుగా. టోపీ, నల్ల కళ్లద్దాలు వద్దు.

గుర్తు ఎంచుకోవడం

ఇండిపెండెంటు అయితే ఎన్నికల సంఘం ఖాళీ గుర్తుల జాబితాలోంచి మూడింటిని వరుసగా ఫారంలోనే రాయాలి. కుట్టు మిషన్ లాంటి పనిముట్టు ఉంటే దర్జీకి అంతకంటే ఏం కావాలి. ఒకే గుర్తు ఇద్దరడిగితే చీటీ తీస్తారు. పెద్ద పార్టీ గుర్తుకు దగ్గరగా కనపడేది అడిగితే ఓట్లు జారి పడతాయని ఆశపడొద్దు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు కారు గుర్తులా కనపడుతుందని జరిగిన రభస తెలిసిందే. ఇచ్చిన గుర్తును మార్చినందుకు ఆర్వోనే తప్పించారు. ఆ ఎన్నికలో 47 మంది బరిలో ఉన్నారు, నోటాతో కలిపి 48 బటన్లు, అంటే పోలింగ్ కేంద్రంలో మూడు యంత్రాలు పక్కపక్కన. మూడో యంత్రంలో మధ్యలో ఉన్న మీ గుర్తును వెతికి నొక్కేది మిమ్మల్ని ఎరిగినవాళ్లే. అందుకే గుర్తు వచ్చిన రోజే మీరు ఏ యంత్రంలో ఎన్నో నంబరో కాయితం మీద గీసి ఊరూరికీ చూపించండి.

ఖర్చు లెక్క

అసెంబ్లీకి ఖర్చు పరిమితి 40 లక్షలు. మనకు ఆ గీత దాకా పోయే బాధ లేదు, లెక్క రాయకపోవడమే బాధ. ఆర్వో ఇచ్చే రిజిస్టరులో మూడు భాగాలు: తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క. ప్రచారం రోజుల్లో కనీసం మూడుసార్లు పరిశీలకుడి ముందు పెట్టాలి.

మొత్తం ఎన్నికలో ఒక మనిషికో షాపుకో 10,000 మించి ఇవ్వాల్సి వస్తే నగదు కాదు, చెక్కో ఆన్‌లైనో. టెంట్ హౌస్ దోస్తు కుర్చీలు ఉత్తగ ఇచ్చాడా? అదీ ఖర్చే. జిల్లా అధికారులు కుర్చీకి, షామియానాకు, మైకుకు, చాయ్‌కి కూడా రేటు ప్రకటిస్తారు, ఆ రేటుతో రాయాలి. పోస్టరు కొట్టిస్తే కింద ప్రింటరు పేరు, కొట్టించినవారి పేరు, ఇద్దరి అడ్రసులు ఉండాలి. మీరే పెయింటరైతే గోడ రాతలకు దిగే ముందు ఇంటివాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

పోలింగ్ కేంద్రంలో మీ తరఫున కూర్చునే ఏజెంట్ల విషయంలో మోసపోవద్దు. 2022లో మునుగోడులో 298 పోలింగ్ కేంద్రాలు. అన్నిటికీ మనిషిని పెట్టడం మీవల్ల కాదు. మీ సంఘం బలంగా ఉన్న ఊర్లు ఏరుకుని అక్కడే పెట్టండి.

ఇక ఆశ ఎంత పెట్టుకోవాలి? పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్టు తిరిగొస్తుంది, నోటా ఓట్లు ఆ లెక్కలోకి రావు. రెండు లక్షల ఓట్లు చెల్లితే 33,333 దాటాలి. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ యువతి ఇండిపెండెంటుగా నిలబడితే రాష్ట్రమంతా ఆమె గురించే మాట్లాడింది. వచ్చినవి 5,754 ఓట్లు. ఫోన్లలో కనపడ్డ జనం, బూతు దగ్గర కనపడ్డ జనం ఒకటి కాదు. పది వేలు పోతాయనుకునే దిగండి.

ఆఖరి పని

గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఖర్చు లెక్క, బిల్లులు, అఫిడవిట్‌తో సహా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లు ఇదే మర్చిపోతారు. ఫలితం వచ్చిన మర్నాడే పనిలోకి పోతారు, ఆ రిజిస్టరు సిమెంటు బస్తాల మీద పడి ఉంటుంది. ఇవ్వకపోతే మూడేళ్ల దాకా అసెంబ్లీకి, పార్లమెంటుకు నిలబడకుండా ఎన్నికల సంఘం అనర్హులుగా ప్రకటిస్తుంది. రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో పట్టా పుస్తకం పెట్టే పెట్టెలోనే దాచండి.